మంచం కింద రెండు పెట్టెలు

మొన్న మొన్నటి దాకా మా ఇంట్లో మంచం కింద రెండు పెట్టెలుండేవి. ఒకదానిలో నేను రాసిన పుస్తకం ప్రతులు. రెండోదానిలో నా పేరు అచ్చు వేయించుకున్న విజిటింగు కార్డులు. మొదటి పెట్టె ఖాళీ చేయడానికని రెండో పెట్టె తెచ్చాను. ఏడాది తిరిగేసరికి తేలిందేమిటంటే, మంచం కింద ఊడవడానికి మా ఆవిడకు ఒక పెట్టె బదులు రెండు అడ్డం వచ్చాయి. నాకు దక్కిన లాభం అంతే.

ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడవలసిన సంగతే. అయినా చెబుతున్నాను. ఎందుకంటే ఈ రోజుల్లో పుస్తకం తానే రాసి, తానే అచ్చు వేయించి, తానే సంచీలో మోసుకుపోయి అమ్ముకోవలసిన వాణ్ణి నేనొక్కణ్ణే కాదు. ఈ వ్యాసం చదివే వారిలోనే పదిమంది ఉంటారు. వారి మంచాల కిందకి ఇంకెవరైనా తొంగి చూశారా?

ముందుగా నా పుస్తకం సంగతి. నేను కళాశాలలో తెలుగు ఉపన్యాసకుణ్ణి. ఆరేడేళ్ళపాటు సెలవు రోజుల్లో చీరాల చుట్టుపక్కల నేతవారి ఇళ్ళలో కూర్చుని, మగ్గం చుట్టూ పుట్టిన మాటలు పోగు చేశాను. ఇది నేను కొత్తగా కనిపెట్టిన పనేమీ కాదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి పూనికతో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం తెచ్చింది. వ్యవసాయం మీద 1962లో, చేనేత మీద 1971లో సంపుటాలు వచ్చాయి. ఆ మహానుభావులు మాటలు వెదికారు. నేను ఆ మాట పలికే మనిషిని కూడా పక్కన కూర్చోబెట్టి రాద్దామనుకున్నాను. పడుగు, పేక, నాడె, కండె, ఆసు - ఒక్కొక్క మాట వెనక ఒక్కొక్క ఇల్లుంది.

పుస్తకం 2022 వేసవిలో అచ్చయింది. 500 ప్రతులు. డబ్బు ఎక్కడిదంటారా? మా డాబా వానకు కురుస్తుంది. దాన్ని బాగు చేయిద్దామని చిట్టీ పాడిన డబ్బు. ఆ ఏడు తొలకరికి వంటింట్లో రెండు బక్కెట్లు, హాల్లో ఒకటి పెట్టుకున్నాం. మా ఆవిడ ఒక్క మాట అన్నది: "ఏమండీ, ఆ పుస్తకాల మీద పట్టా కప్పండి. మనం తడిసినా ఆరుతాం."

పుస్తకానికి మాటలిచ్చిన ముసలివారిలో ముగ్గురు అది అచ్చయ్యేలోపే పోయారు. కనుక ఆ పెట్టెలో ఉన్నవి ఉత్త కాగితాలని నేను అనుకోలేకపోయాను.

నా పేరే నాకు ముద్దు

ఎవరో మిత్రుడు సలహా చెప్పాడు: "రచయితవైనావు. కార్డు ఉండొద్దూ? సభలకు పోతే జేబులో నుంచి తీసి ఇవ్వాలి గదా!"

ఆ మాట నాకు బాగా రుచించింది. దళసరి అట్ట, బంగారు రంగు అక్షరాలు, నున్నటి మెరుగు. నడిమధ్య నా పేరు. దాని కింద ఎం.ఏ. దాని కింద తెలుగు ఉపన్యాసకుడు. దాని కింద కవి, వ్యాసకర్త, పరిశోధకుడు. దాని కింద ఒక సాహితీ సంఘం నాకిచ్చిన బిరుదు. మిగిలిన చోట ఇంటి చిరునామా, ఫోను నంబరు. ఇలాంటివి 500.

ఒక సాహిత్య సభకు వెళ్ళి, గుమ్మం దగ్గర పెళ్ళి పన్నీరు చల్లినట్టు, వచ్చినవారికల్లా పంచాను. అందరూ నవ్వుతూ పుచ్చుకున్నారు. నాకు ఒళ్ళు పులకరించింది. సభ సాగుతూండగా ఒకాయన దానితో విసురుకుంటున్నాడు. ఇంకొకాయన నాలుగు మడతలు పెట్టి కుర్చీ కాలు కింద దోపాడు. కుర్చీ ఊగడం మానింది. కార్డుకు అంతకన్నా ప్రయోజనం కలిగిన సంగతి అప్పటిదాకా నాకు తెలియదు.

సభ అయినాక అందరూ వెళ్ళిపోయారు. ఊడ్చే ఆవిడ చీపురు తెచ్చేలోగా నేనే గబగబా కుర్చీల కింద వంగి కార్డులు ఏరాను. పదిహేడు దొరికాయి. తెలిసినవారెవరూ చూడలేదనే అనుకుంటున్నాను.

పుస్తకం ఎక్కడండీ?

తరవాత కొన్నాళ్ళకు ఒక పుస్తకాల దుకాణదారు దగ్గరకు వెళ్ళాను. పది ప్రతులు పెట్టుకోమని బతిమాలి, హుందాగా ఉంటుందని కార్డు కూడా ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మాస్టారూ, ఇందులో మీరున్నారు. మీ చదువుంది. మీ బిరుదుంది. పుస్తకం ఎక్కడండీ?"

నేను తెల్లబోయాను. నిజమే! పుస్తకం అమ్ముకోవడానికి అచ్చు వేయించిన కార్డు మీద పుస్తకం పేరే లేదు.

"ఇది జేబులో వేసుకున్నవాడు రేపు పొద్దున్న తీసి చూస్తే ఏం తెలుస్తుంది? ఎం.ఏ. చదివిన మనిషి ఒకడు ఎదురయ్యాడని తెలుస్తుంది. దానికి ఫోను చేస్తాడా?"

ఆ రాత్రి కార్డుల చరిత్ర కాస్త తిరగేశాను. మాస్టారి బుద్ధి గదా, దెబ్బ తగిలినప్పుడల్లా పుస్తకం తీస్తుంది. ఐరోపాలో రెండు రకాల కార్డులుండేవి. పెద్దింటివారు ఒకరింటికొకరు పోయినప్పుడు ఇచ్చేది ఒకటి. దాని మీద పేరు తప్ప మరేమీ ఉండనక్కర్లేదు, ఆ పేరే చాలు. నౌకరు చేత పంపలేదు, స్వయంగా వచ్చామని తెలియడానికి దాని మూల మడిచే ఆచారం కూడా ఉండేది. రెండోది వర్తకులది. 17, 18 శతాబ్దాల లండనులో చాలాకాలం దుకాణాలకు ఇప్పటిలాగా నంబర్లు లేవు. వర్తకులు తమ దుకాణం గుర్తు బొమ్మ, ఏ సరుకు అమ్ముతారో, ఎటునుంచి ఎలా రావాలో చిన్న కాగితం మీద అచ్చు వేయించి ఇచ్చేవారు. అంటే అది పరిచయ పత్రం కాదు, దారి చీటీ.

నా పొరపాటు అక్కడ తెలిసింది. వర్తకుడి పనిమీద బయల్దేరి జమీందారు కార్డు అచ్చు వేయించాను.

రెండోసారి

ఈసారి కార్డుకు ఏం కావాలో ముందు కాగితం మీద రాసుకున్నాను. ఒక పక్క పుస్తకం ముఖచిత్రం, పేరు. నా పేరు దాని కింద చిన్న అక్షరాల్లో. చదువూ, బిరుదూ కొట్టివేత. తరవాత ఒకే ఒక్క వాక్యం. పుస్తకం గురించి పొగడ్త కాదు, ఒక ప్రశ్న:

"ఆసులో కండెలా తిరుగుతున్నాడంటారు గదా, ఆసు మీరెప్పుడైనా చూశారా?"

ఈ వాక్యానికి నాకు మూడు వారాలు పట్టింది. రెండు వందల పుటల పుస్తకంలో ఏ ఒక్క ముక్క తెలియని మనిషిని ఆపుతుందో తేల్చుకోవడం, పుస్తకం రాయడం కన్నా కష్టం. కాని అది తేలకపోతే కార్డు వేయించుకోవడం దండుగ.

వెల, ఫోను నంబరు, పుస్తకం దొరికే దుకాణం, ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య - ఇవి వెనక పక్క. ఈ సంఖ్య వల్ల పాఠకుడికి ఉపయోగం లేదనుకుంటారు గాని, దుకాణదారుకూ గ్రంథాలయంవారికీ అదే గుర్తు. మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ పేరిట ఉన్న జాతీయ సంస్థ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. వ్యయం లేని పని గదా, సొంతంగా అచ్చు వేయించుకునేవారు మానుకోరాదు.

ఇక ఆ గళ్ళ ముద్ర, క్యూఆర్ కోడు. దాన్ని పెట్టమని పట్టుబట్టినది నా శిష్యుడొకడు. 1994లో జపానులో డెన్సో సంస్థకు చెందిన మసహిరో హారా బృందం మోటారు విడిభాగాల లెక్క సులువుగా చూసుకోవడానికి దాన్ని తయారు చేసిందట. నలుపు, తెలుపు కాయలతో ఆడే గో అనే ఆట నుంచి ఆ ఊహ తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. ఇప్పుడది మన కూరగాయల బండి మీద కూడా ఉన్నది. ముద్ర తయారు చేసేటప్పుడు కట్టుదిట్టం ఎక్కువ పెట్టుకుంటే, నూటికి ముప్ఫయి వంతుల దాకా చెడినా ఫోను చదవగలుగుతుంది. జేబులో చెమటకు నానే కార్డుకు ఇది చిన్న సుగుణం కాదు.

"దీంట్లో నా జీవిత విశేషాలు పెడదామా?" అన్నాను.

"వద్దు మాస్టారూ. మీరు రికార్డు చేసుకున్న మామ్మగారి గొంతు పెడదాం" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. పోయిన ముగ్గురిలో ఒక మామ్మగారుంది. ఆసు ఎలా పోస్తారో రెండు నిమిషాలు చెప్పింది. మధ్యలో మనవణ్ణి కేకేసింది కూడా. ఆవిడ కొడుకుని అడిగి, సరేనన్నాకనే పెట్టాం. ముద్ర మీద ఫోను పెడితే ఆ గొంతు వినబడుతుంది.

ముద్ర వేయించుకునేవారికి రెండు మాటలు. మొదటిది, ఉచితంగా చేసిపెడతామనే కొన్ని చోట్ల కొన్నాళ్ళకు ఆ ముద్ర పనిచేయడం మానేస్తుంది. ఆనక డబ్బు అడుగుతారు. మీ చిరునామా నేరుగా అందులోనే ఉండేటట్టు చేయించుకోండి. రెండోది, దాని చుట్టూ కాస్త తెల్లచోటు వదలండి. అచ్చుకు ఇచ్చేముందు నాలుగు రకాల ఫోన్లతో చదివించి చూడండి.

మగ్గం విరిగింది

అన్నీ చూసుకున్నాననుకున్నాను. తీరా కట్ట విప్పితే గుండె గుభేలుమంది. "మగ్గం" అన్న మాట "మగ్‌గం" అయి కూర్చున్నది. వత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి. నేను ప్రూఫు చూశాను, ప్రూఫులో నిక్షేపంలా ఉంది. డి.టి.పి. కుర్రవాడు తల గోక్కుంటూ చెప్పాడు: "మాస్టారూ, మీరు ఫోనులో పంపిన తెలుగు వేరు, మా పాత కంప్యూటరుకు తెలిసిన తెలుగు వేరు. ఒకదాంట్లో ప్రూఫు తీశాం, ఇంకోదాంట్లో అచ్చుకు పంపాం."

తెలుగు ఒకటే అనుకుని ఎం.ఏ. చదివిన వాణ్ణి. కంప్యూటర్లలో రెండు తెలుగులున్నాయని ఆ రోజు తెలిసింది. కాగితం ఖర్చు నేనూ, మిగతా ఖర్చు ప్రెస్సు యజమానీ పెట్టుకుని మళ్ళీ వేయించాం. మీరు వేయించుకుంటే అచ్చుకు పోయే ఆఖరు ప్రతినే, ఆ యంత్రం మీద నుంచే తీయించి చూడండి. మరొకటి: వెనక పక్క నున్నటి మెరుగు వద్దు. దాని మీద కలం జారుతుంది. కలం ఎందుకంటారా? ఆ సంగతే చెప్పబోతున్నాను.

చేతికి చెయ్యి

విజయవాడ పుస్తక మహోత్సవం 1989లో మొదలైంది. ఒకప్పుడు స్వరాజ్య మైదానంలో జరిగేది. ఇప్పుడు చోటు మారుతూ వస్తున్నా, కొత్త సంవత్సరం రోజుల్లో అక్కడికి వెళ్ళకపోతే మా బోటివారికి పండుగ పోయినట్టే. ఈసారి గుమ్మంలో నిలబడి పంచలేదు. ఒక మిత్రుడి స్టాలులో ఓ మూల కూర్చున్నాను. పుస్తకం చేతిలోకి తీసుకుని, నాలుగు పుటలు తిప్పి, జేబు తడుముకుని, మళ్ళీ కింద పెట్టేసేవారుంటారు. కార్డు వారికి! మొదటి తేదీ దాకా ఆగవలసినవారికి, చేతినిండా సంచులున్నవారికి, ఇంట్లో అడగవలసినవారికి.

జపానులో కార్డు రెండు చేతులా ఇచ్చి, రెండు చేతులా పుచ్చుకుని, చదివిన తరవాతనే జేబులో పెట్టుకుంటారు. మనం అంత చేయనక్కర్లేదు. కాని ఇచ్చేముందు ఒక్క మాట అడగవచ్చు: "మీ వైపు నేతవారున్నారా?" ఉన్నారన్నవారి ఊరు పేరు ఆ కార్డు వెనకే రాసి ఇచ్చాను. తన ఊరి పేరు చేత్తో రాసి ఉన్న కాగితాన్ని పారేయడం అంత సులువు కాదు. వారి పేరూ, నంబరూ నా పుస్తకంలో రాసుకున్నాను. కార్డు ఇవ్వడం సగం పనే. అవతలివారిది పుచ్చుకోవడం మిగతా సగం. మొదటి సభలో నేను ఎవరి పేరూ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

చీర మడతలో చీటీ

ఇంటికి వచ్చి లెక్కలు చెబుతూంటే మా ఆవిడ అన్నది: "పుస్తకాలు కొనేవాళ్ళ దగ్గర పుస్తకాలు బోలెడున్నాయండీ. మీరు రాసింది చీరల సంగతి. చీరలు కట్టేవాళ్ళకు ఇవ్వరాదూ?"

ఇంత చిన్న సంగతి నాకు తట్టనే లేదు. మర్నాడే ఒక చేనేత చీరల దుకాణానికి వెళ్ళాను. యజమాని కార్డు చదివి, "ఆసు మా నాయనమ్మ పోసేదండీ" అని, 200 కార్డులు ఉంచుకున్నాడు. చేనేత చీర కొన్నవారికల్లా మడతలో ఒకటి పెట్టి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. నేను ఆయనకొక ప్రతి ఇచ్చాను.

ఎక్కడ ఇచ్చిన కార్డు ఎక్కడ పని చేసిందో తెలియడానికి మూలన ఒక అక్షరం రాసేవాణ్ణి. సభలకు "స", విజయవాడకు "వి", చీరల దుకాణానికి "చీ". ఫోను చేసినవారిని మూలన ఏముందో అడిగేవాణ్ణి. ఏడాది లెక్క ఇది. సభల్లో ఇచ్చినవి 60, వాటివల్ల పోయిన ప్రతులు 2. విజయవాడలో 110, పోయినవి 14. చీర మడతల్లో 200, పోయినవి 31. వెరసి 47. ఇది పెద్ద సంఖ్య అని నేననను. కాని అంతకు ముందు ఏడాది పొడుగునా అమ్మినవి 19. అందులోనూ బంధువులవి 11.

ఒక రోజు సాయంత్రం షోలాపూర్ నుంచి ఫోను వచ్చింది. అక్కడ తరాల కిందట వలస పోయిన తెలుగు నేతవారు చాలామంది ఉన్నారు. మాట్లాడినది ఒక పెద్దాయన. పెళ్ళికి ఇటునుంచి పోయిన చీరలో కార్డు వెళ్ళింది.

"పంతులుగారూ, ఆసు చూశారా అని అడిగారు. చూడటమేమిటండీ! మా అమ్మ పోసేది. చెయ్యి ఆడించీ ఆడించీ రాత్రిళ్ళు భుజం పట్టుకుని మూలిగేది. మా మనవరాలికి తెలుగు అక్షరాలు రావు. కార్డు నేను చదివి వినిపించాను. అది ఫోను పెట్టేసరికి ఎవరో ఆడమనిషి మాట్లాడింది. మా ఇంట్లో అందరూ చుట్టూ చేరారు."

కాసేపు ఆయనా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. తెలంగాణలో చింతకింది మల్లేశం తన తల్లి అలా భుజం నొప్పితో బాధపడటం చూడలేకనే 1999లో ఆసు యంత్రం తయారు చేశాడనీ, దానికి ఆవిడ పేరే లక్ష్మి అని పెట్టాడనీ, 2017లో పద్మశ్రీ వచ్చిందనీ చెప్పాను. "మా అమ్మప్పుడు లేకపోయిందే" అన్నాడు. మూడు ప్రతులు పంపమన్నాడు. ఆ తరవాత ఆ మామ్మ పేరేమిటని అడిగాడు. చెప్పాను. నా పేరు అడగలేదు. నాకు అందులో లోపమేమీ కనిపించలేదు.

ఇప్పుడు మంచం కింద ఒక పెట్టే ఉంది, అదీ సగానికి పైగా ఖాళీ. డాబా బాగు చేయించాం. పుస్తకం డబ్బుతో అనుకునేరు! కరువు భత్యం బకాయిలు వచ్చాయి, వాటితో. బంగారు అక్షరాల కార్డులు వెనక పక్క తెల్లగా ఉన్నాయి గనుక మా ఆవిడ వాటి మీద "మెంతులు", "ధనియాలు" అని రాసి డబ్బాలకు అంటించింది. నా బిరుదు మెంతుల డబ్బాకు అటువైపున్నది.

ఇంతకూ పుస్తకం పేరేమిటని మీరడగవచ్చు. చెప్పను. చెబితే గుమ్మంలో నిలబడి మళ్ళీ కార్డులు పంచినట్టవుతుంది. మీరు చేనేత చీర కొన్నప్పుడు మాత్రం మడత విప్పి చూడండి.